అగరుబత్తి వెలిగించేంత సేపు

2023 చలికాలం. కార్ఖానా ఏరియాలో మెయిన్ రోడ్డు వదిలి లోపలి గల్లీలోకి తిరిగితే మా రిపేరు షెడ్డు. డీజిల్ బండ్లు తప్ప ఇంకేవీ ముట్టను. సికింద్రాబాద్‌లో చలేమిటని నవ్వేవాళ్లుంటారు. వాళ్లను డిసెంబరు తెల్లవారుజామున ఒక పాత డీజిల్ పికప్ ఎక్కించి స్టార్ట్ చేయమనాలి. ఆ నవ్వు ఎటు పోతుందో చూడాలని నాకు ఎప్పటినుంచో కోరిక.

పెట్రోల్ బండిలో ఉన్నట్టు డీజిల్ ఇంజన్‌లో నిప్పురవ్వ ఉండదు. గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఇంజన్ బాగా చల్లబడితే ఆ వేడి చాలదు. అందుకని ఒక్కో సిలిండర్‌కు పెన్సిల్ లాంటి గ్లో ప్లగ్ ఒకటి ఉంటుంది. స్టార్ట్ చేసే ముందు కొన్ని సెకన్లు ఎర్రగా కాలి లోపల వేడి పుట్టిస్తుంది. మా దగ్గరికి వచ్చే డ్రైవర్లు దాన్ని హీటర్ అనే అంటారు.

ఒకరోజు మధ్యాహ్నం మల్కాజ్‌గిరి నుంచి యాదగిరి వచ్చాడు. పొద్దున్నే దుకాణాలకు పాలు వేసే పికప్ ఆయనది. పక్క సీట్లో భార్య సుజాత. బండి గడియారంలా నడుస్తోంది.

"ఇప్పుడు మంచిగనే ఉంటది ఖాదర్ భాయ్. పొద్దుగాలనే దీని తక్లీఫ్. ఎంత తిప్పినా లేవదు, గల్లీ అంత తెల్ల పొగ. ఇంజన్ల కంప్రెషన్ పోయిందంటున్నరు. రోజు ఆలస్యమైతుంటే దుకాణపోళ్లు ఊకుంటరా? అమ్మేస్తున్న. కొనేటోళ్లు రేపు పొద్దుమూకి బయానా పైసలు ఇస్తమన్నరు."

సుజాత ఆయన వైపు చూడకుండానే అంది. "ఈ బండి పోతే మళ్ల ఇంకొకరి బండి తోలాలె అన్నా. ఏండ్లకేండ్లు తోలిండు, ఆ బతుకు నాకెర్కే. జెర నువ్వన్న చూడు."

చల్లటి బండి జబ్బు చల్లగా ఉన్నప్పుడే కనబడుతుంది. బండి ఇక్కడే వదిలి పొద్దున్నే రమ్మన్నాను. ఇంజన్ వేడి మీద ఉండగానే ప్లగ్గులు చూశాను. చల్లారాక పట్టు బిగుసుకుంటుంది, తొందరపడి తిప్పితే విరిగి లోపలే ఉండిపోతుంది. అప్పుడిక ఇంజన్ పైభాగం, హెడ్డు, దించాల్సిందే. టెస్ట్ ల్యాంపుతో చూస్తే నాలుగింటిలో మూడు చచ్చిపోయాయి. పట్టు వదలడానికి నూనె చల్లి, కాసేపు ఆగి, కొంచెం అటు కొంచెం ఇటు తిప్పుతూ తీశాను. మూడింటి కొసలూ ఉబ్బి నల్లగా మాడి ఉన్నాయి.

ఫోన్ చేసి అడిగితే, దసరాకే కొత్తవి వేయించానని యాదగిరి చెప్పాడు. దసరా కొత్తవి డిసెంబరుకే మాడిపోవడమేమిటి? ప్లగ్గులకు కరెంటును లెక్కగా వదిలే టైమర్ ఎప్పుడో పాడైందట. దాని బదులు డ్యాష్‌బోర్డు కింద కాలింగ్ బెల్ లాంటి బటన్ ఒకటి పెట్టారు. నొక్కినంతసేపే కరెంటు, వదిలితే బంద్. అదీ బాగానే పనిచేస్తోంది. వైరింగ్ అంతా వెతికినా ఏ తప్పూ దొరకలేదు. నాకు చిరాకెత్తింది. నాలుగూ కొత్తవి బిగించాను గానీ మనసు ఒప్పలేదు. కారణం తెలియకుండా సామాను మార్చడం రిపేరు కాదు.

పొద్దున్నే ఇద్దరూ వచ్చారు. తాళం యాదగిరి చేతికే ఇచ్చాను.

"ఇంటికాడ ఎట్ల స్టార్ట్ చేస్తవో గట్లనే చెయ్," అన్నాను.

ఆయన ఎక్కి బటన్ నొక్కాడు. జేబులోంచి మడతపెట్టిన అగ్గిపెట్టె ముక్క తీసి, బటన్ పైకి లేవకుండా సందులో దోపాడు. కిందికి దిగి అగరుబత్తులు వెలిగించి బండి చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. దేవుడి పని కదా, మర్యాదగా చేతులు కట్టుకుని నిలబడ్డాను. ముందు చక్రం దగ్గర ఆయన వంగినప్పుడు వెలిగింది నాకు. పరుగెత్తి ఆ ముక్క పీకేశాను.

"హీటర్ ఆన్ ఉంది యాదగిరీ."

"ఉండాలె గద భాయ్. పూజ అయ్యేదాంక మంచిగ కాలుతది. మా నాయన గిట్లనే చేసేటోడు."

"మీ నాయన ఏం తోలెటోడు?"

"లారీ. స్టార్ట్ చేసిపెట్టి, ఇంజన్ వేడైతుంటే పూజ చేసేటోడు. మా గల్లీల స్టార్ట్ చేసిపెడ్తే పొగకు అందరు లొల్లి పెడ్తరు. అందుకే హీటర్ పెడ్తున్న."

తండ్రి చేసింది తప్పు కాదు. ఇంజన్ ఎంతసేపు నడిచినా దానికేం కాదు. కొన్ని సెకన్లు కాలాల్సిన ప్లగ్గును ఇన్ని నిమిషాలు కాలిస్తే మాడక ఏమవుతుంది? బ్యాటరీ కూడా సగం దానికే ఖర్చవుతోంది. కానీ ఈ మాట ఎలా చెప్పాలి? ఇంకొకరి పూజలో నేను వేలు పెట్టడమేమిటని కాసేపు తటపటాయించాను.

"పూజ ఇడిసిపెట్టమంటలేను," అన్నాను చివరికి. "ముందుగాల నిమ్మళంగ పూజ చేస్కో. అయినంక ఎక్కి కూసో, బటన్ నొక్కి పది లెక్కవెట్టు. అప్పుడు స్టార్ట్ చెయ్."

ఆయన ఒకసారి బటన్ వైపు చూశాడు. సుజాతే అంది, "గదే మంచిది. దండం పెడ్తున్నప్పుడు గూడ ఈయన పానమంత బటన్ మీదనే ఉంటది."

మిగతా మూడు చక్రాలకూ అగరుబత్తులు చూపించి వచ్చి కూర్చున్నాడు. పది లెక్కబెట్టి తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే ఇంజన్ లేచింది. తెల్ల పొగ కొంచెం వచ్చి ఆగిపోయింది. యాదగిరి స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.  సుజాత ఫోన్ తీసి ఆయన చేతిలో పెట్టింది.

"లేదన్నా, బండి అమ్ముతలేను," అని ఆయన అవతలి మనిషికి చెప్పడం విన్నాను.

అప్పటినుంచి పొద్దున స్టార్ట్ కావడం లేదంటూ ఏ బండి వచ్చినా, స్పానర్ పట్టకముందే తాళం ఓనరుకిచ్చి పక్కన నిలబడుతున్నాను. బండి చెప్పని సంగతులు మనిషి చేతులు చెబుతాయి.

మరుసటి చలికాలం ఆయిల్ మార్చడానికి ఇద్దరూ వచ్చారు. ముందు బంపర్‌కు కట్టిన నిమ్మకాయ, మిరపకాయల దండ కింద, నేను అప్పుడు తీసిచ్చిన మూడు నల్లటి ప్లగ్గులు వేలాడుతున్నాయి. ఇవి ఇక్కడెందుకని అడిగాను.

"దిష్టికి కాదన్నా, నేనే కట్టిన," అంది సుజాత. "ఈయన అగరుబత్తులు పట్టుకోని వంగినప్పుడు కనబడాలె గద."