ర్యాంపు మీద పెళ్లిచూపులు

ఆ రోజుల్లో నా వయసు కుర్రాళ్లు అద్దం ముందు నిలబడి జుట్టు దువ్వుకునేవారు. నేను బానెట్ల ముందు నిలబడేవాణ్ని. ఏ బండి కనబడినా, దీని ఇంజన్ పీకేసి వేరే ఇంజన్ పెడితే ఎలా ఉంటుందా అని ఆలోచించడం నాకొక జబ్బుగా ఉండేది. ఎదురుగా పెళ్లి ఊరేగింపు వస్తే పెళ్లికూతురిని చూడకుండా, వెనక లైట్లకు కరెంటిచ్చే జనరేటరులో ఏ ఇంజన్ ఉందో చూసేవాణ్నట. (ఇది మా అమ్మ చెప్పే మాట. ఆమె కొంచెం ఎక్కువ చేసి చెబుతుంది గానీ పూర్తిగా అబద్ధం కాదు.) ఇరవై నాలుగేళ్ల మగపిల్లవాడికి ఇంతకన్నా పనికొచ్చే పిచ్చి ఏదీ దొరకలేదా అని ఇప్పుడనిపిస్తుంది గానీ, అప్పుడు నాకు అదే పెద్ద చదువు, అదే పెద్ద గొప్ప.

మాది కిషన్‌బాగ్‌లో పాలవ్యాపారం. ఇంటి వెనక బర్రెలు, ఇంటి ముందు పాల క్యాన్లు, ఆ క్యాన్లు మోయడానికి ఒక పాత జీపు. ఒకనాడు ఆ జీపు ఇంజన్ నల్లటి పొగ వదిలి కన్నుమూసింది. తుక్కుకు వేద్దామన్నాడు బాపు. మా గల్లీ చివర మెకానిక్ ఉస్తాద్ షెడ్డులో పని నేర్చుకుంటున్న నేను ఒప్పుకోలేదు. ఎక్కడో గుద్దుకుని నుజ్జయిన ఒక పెద్ద కారు ఇంజన్ తెచ్చి జీపులో ఎక్కించాను. ఆ ఇంజన్‌తో పాటు దాని హీటరు డబ్బా కూడా వచ్చింది. హైదరాబాదులో హీటరు ఎవరికి కావాలి? ఎవరికీ అక్కర్లేదు. కానీ వచ్చిన వస్తువును పారేయడానికి మనసొప్పక, డ్యాష్‌బోర్డు కింద దాన్ని కూడా బిగించి పైపులు కలిపేశాను. ఇంజన్ స్టార్టయిన రోజు మా గల్లీ గల్లీ అంతా వచ్చి చూసింది. నేను చేతులు తుడుచుకుంటూ, ఇదంతా నాకు మామూలే అన్నట్టు నిలబడ్డాను.

ఉస్తాద్ మాత్రం రేడియేటరులో నీళ్లు పోస్తున్నప్పుడే చెప్పాడు. "మియాఁ, ఖాలీ పానీ భరే తో నై హోతా. హవా నికాల్నా పడ్తా. నై తో వో హవా తుమ్కు నికాల్తీ." నీళ్లు నింపగానే అయిపోదు, లోపల ఇరుక్కున్న గాలిని తీయాలి, లేకపోతే ఆ గాలే నిన్ను తీసి పారేస్తుందని దాని సారాంశం. నిజమే. కొత్త ఇంజన్ ఎత్తుగా కూర్చుంది. హీటరు పైపులు దానికన్నా ఎత్తున పోయాయి. రేడియేటరు మూత మాత్రం కిందే ఉండిపోయింది. గాలి ఎప్పుడూ పైకే పోయి కూర్చుంటుంది. అది కూర్చున్న చోటికి నీళ్లు రావు, నీళ్లు రాని చోట ఇనుము కాలి ఆవిరి పుడుతుంది. బండి ముక్కు పైకెత్తి, మూత తీసి, హీటరు పూర్తిగా తిప్పి, బుడగలు ఆగేదాకా ఇంజన్ నడపాలి. అంతే పని. "కల్ సుబే కర్తూఁ ఉస్తాద్" అని, పొద్దున్నే చేస్తానని మాటిచ్చి ఇంటికొచ్చాను.

ఆ మర్నాడే నా పెళ్లిచూపులు. జల్‌పల్లిలో కొత్తగా ఇల్లు కట్టుకున్న కిరాణా కొట్టాయన కూతురు. అంతకుముందు వచ్చిన సంబంధాల వాళ్లు మా ఇంటి దాకా వచ్చి, బర్రెల వాసనకు ముక్కు మూసుకుని, మళ్లీ కబురు చేస్తామని వెళ్లిపోయారు. వాళ్లు వెళ్లాక అమ్మ గచ్చు కడుగుతూ ఏడవడం నేను చూశాను. ఈ కిరాణా ఆయన ఒక్కడే, "పాలైతేంది, పెండైతేంది, పిల్లగానికి పని వస్తదా రాదా? గదొక్కటి చెప్పుండ్రి" అని అడిగాడట. వస్తదని, సచ్చిన బండికి పాణం పోసిండని బాపు గొప్పగా చెప్పాడు. ఆ మాట నిలబడాలనే బస్సు వద్దని, ఆ జీపులోనే పోదామన్నాడు. ఈ సంబంధం కూడా తప్పితే అమ్మ ముఖం చూడలేనని నాకు లోలోపల భయంగా ఉండేది. ఫొటో పంపారు గానీ అది ఎవరిదో పెళ్లిలో తీసిన గుంపు ఫొటో. అందులో అమ్మాయి ముఖం మెంతిగింజంత ఉంది. అయినా నాకు ఆ సంబంధమే కావాలనిపించింది, ఎందుకో అప్పుడు తెలియదు.

పొద్దున లేచి, స్నానం కూడా చేయకముందే గాలి తీద్దామని బయటికొస్తే అప్పటికే అంతా అయిపోయింది. మా మేనత్త (బాపుకు అక్క, మా ఇంట్లో శుభాశుభాలకు ఆఖరి తీర్పు ఆమెదే) గుడిమల్కాపూర్ నుంచి తెప్పించిన బంతిపూల దండ జీపు మెడలో వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బానెట్ తీయించి ఇంజన్‌కు బొట్లు పెట్టేసింది. అంతటితో ఆగినా బాగుండేది. "కొత్త ఇంజన్‌కు మొఖమేదిరా?" అని పాలేరును అడిగితే, వాడు రేడియేటరు మూత చూపించాడట. ఆమె దానికి పసుపుదారంతో కంకణం కట్టింది. మూత మీదుగా, గొట్టం కిందుగా, పెళ్లికొడుకు చేతికి కట్టినట్టే గట్టిగా ముడివేసి కట్టింది.

"అత్తా, అది తీయాలె. గాలి ఉన్నది లోపట" అన్నాను.

"శుభమాని బయలెల్తుంటే కంకణం ఇప్పుతావురా? మల్ల మన గడప తొక్కేదాంక దాన్ని ముట్టద్దు. గాలి ఏడికి పోతది? రేపు తీస్కో."

జల్‌పల్లి ఎంత దూరం గనక, ఆ మాత్రం దానికి ఏమవుతుందిలే అనుకుని నేను కొత్త తెల్లచొక్కా తొడుక్కున్నాను.

చాంద్రాయణగుట్ట దగ్గరికొచ్చేసరికి ఇంజన్ వేడి చూపించే ముల్లు పైకి పాకడం మొదలైంది. ఏప్రిల్ ఎండ. ట్రాఫిక్ కదలదు. ఇంజన్ వేడిని కొంతైనా గుంజేయడానికి ఒకటే దారి, హీటరు పూర్తిగా తిప్పడం. తిప్పాను. పక్కన పట్టుపంచెతో బాపు, వెనక పట్టుచీరల్లో అమ్మ, మేనత్త. ఆ వేడిగాలికి అమ్మ పౌడరు చారలుగా కారింది. "ఏందిరా ఇది, పెండ్లిచూపులకు తీస్కపోతున్నవా, బట్టీల పెట్టి కాలుస్తున్నవా?" అని బాపు అరిచాడు. ఇంజన్ బతకాలంటే ఇంతే బాపు అన్నాను. ఆయన ఇంజన్ వైపు ఒకసారి, భార్య వైపు ఒకసారి చూసి ఊరుకున్నాడు.

కొంచెంసేపటికి ఉన్నట్టుండి గాలి చల్లబడింది. "హమ్మయ్య, ఇప్పుడు సల్లగొస్తున్నది. ఏసీ తీరుగున్నది కొడుకా!" అని అమ్మ మురిసిపోయింది. నేను ముల్లు వైపు చూశాను. హీటరు చల్లబడిందంటే అందులోకి వేడినీళ్లు రావడం ఆగిపోయిందని అర్థం. గాలి అక్కడ అడ్డం కూర్చుంది. ముల్లు ఎర్రగీత దాటింది. వెనక ఇద్దరూ చెంగులు విప్పుకుని ఆ చల్లగాలి అనుభవిస్తున్నారు, ముందు నేను చచ్చిపోతున్నాను.

అదృష్టం ఏమిటంటే అప్పటికి జల్‌పల్లి కాలనీలోకి వచ్చేశాం. కిరాణా ఆయన ఇంటి ముందు మోరీ కాలువ మీదుగా ఏటవాలు ర్యాంపు ఉంది. ఆయన గేటు తీసి చేతులు జోడించి నిలబడితే, నేను జీపును నేరుగా ఆ ర్యాంపు ఎక్కించి, ముక్కు ఆకాశానికి పెట్టి ఆపేశాను. బానెట్ సందుల్లోంచి ఆవిరి బుస్సుమని లేచింది. బంతిపూలు ఉడికిన వాసన వచ్చింది. "గుడుంబ బట్టీ గిట్ల పెట్టిండ్రా ఏంది బండిల?" అని పక్కింటి మేడ మీంచి ఎవరో అడిగారు. కిరాణా ఆయన జోడించిన చేతులు అలాగే ఉన్నాయి.

మా వాళ్లను లోపల ఫ్యాను కిందికి తీసుకెళ్లి మజ్జిగ ఇచ్చారు. నేను బయటే ఇంజన్ చల్లారేదాకా కూర్చున్నాను. (వేడి మీద మూత తీస్తే పెళ్లిచూపులు కాదు, కడసారి చూపులవుతాయి.) చల్లారాక ముడి మీద చెయ్యి వేశానో లేదో, వరండాలోంచి మేనత్త కేక. "ముట్టకురా! మన గడప తొక్కలే ఇంక."

"మూత తియ్యకుంటె బండి కదలదత్తా!"

"కదలకుంటె కదలకపాయె. కంకణం ఇప్పితె అరిష్టం."

కిరాణా ఆయన నా వైపు చూస్తున్నాడు. పని వస్తుందన్న పిల్లగాడు ఒక దారం ముడి దగ్గర ఆగిపోయి కనబడుతున్నాను. సరే, ఈ సంబంధం కూడా పోయిందని అనుకున్నాను. అప్పుడు తలుపు కర్టెను వెనక నుంచి ఒక గొంతు వచ్చింది.

"మీ గడప తొక్కినంక ఇప్పొచ్చు అంటున్నరు గద పెద్దమ్మా. ఈ గడప గూడ మీదే అనుకోండ్రి. ఇప్పియ్యుండ్రి, పాపం, ఎండల నిలబడ్డరు."

ఆ మాటకు అర్థం ఏమిటో అన్న అమ్మాయికి కూడా కొంచెం ఆలస్యంగా తట్టినట్టుంది, కర్టెను గబుక్కున కదిలింది. మేనత్త నోరు తెరిచి, మూసి, ఆఖరికి మెత్తబడిన గొంతుతో, "గంతేనంటవా బిడ్డా... అయితే ఇప్పురా" అంది. మా ఇంట్లో ఆమె తీర్పు మారడం నేను చూసింది అదే మొదలు.

మూత తీశాను, నీళ్లు పోశాను. ఇక ఎవరైనా సీట్లో కూర్చుని యాక్సిలరేటరు తొక్కాలి, నేను ఇక్కడ గొట్టం పిసుకుతూ గాలి తరమాలి అన్నాను. బాపు జన్మలో బర్రెలను తప్ప దేన్నీ తోలలేదు. కిరాణా ఆయనకు స్కూటరే వచ్చు.

"నేను తొక్కుత నాయినా" అంది ఆ గొంతు.

"నువ్వా? పెండ్లిపిల్లవు!"

"బండి నడపమంటలేరు గద. కాలు పెట్టి తొక్కమంటున్నరు, గంతే."

నా పక్కనుంచి పట్టీల చప్పుడు వెళ్లింది. నా తల బానెట్ కింద ఉంది, ఎదురుగా ఆమె తండ్రి గుడ్లప్పగించి నన్నే చూస్తున్నాడు. తలెత్తే ధైర్యం ఎవడికుంటుంది? జీపు తలుపు పడిన చప్పుడు, ఇంజన్ స్టార్టయిన చప్పుడు వినబడ్డాయి. మా ఇద్దరి మధ్య నిలువునా లేచిన బానెట్ రేకు ఉంది.

"కొంచెం పెంచుండ్రి."

"గింతనా?"

"ఇంకొంచెం. ఆఁ... గట్లనే పట్టుండ్రి."

ఆమె పట్టిన రేసు ఒక్క తీరుగా ఉంది. ఉస్తాద్ కూడా అంత నిలకడగా పట్టడు. బుడుక్కు బుడుక్కుమని బుడగలు రావడం మొదలైంది. ఒక పెద్ద బుడగ పగిలి తుప్పునీళ్లు నా తెల్లచొక్కా మీద చిమ్మాయి. మేడల మీద జనం నవ్వారు.

"ఈ హీటరెందుకు ఎయ్యాలె?" అని రేకు వెనక నుంచి ప్రశ్న.

నేను మొదలుపెట్టాను. గాలి ఎక్కడ ఇరుక్కుంటుంది, నీళ్లు ఎలా తిరుగుతాయి, ఆవిరి ఎందుకు పుడుతుంది, అన్నీ చెప్పాను. పెళ్లిచూపుల్లో నోరు పెగలని నేను ఆ రేకుతో మాత్రం ఆపకుండా మాట్లాడాను. అంతా విని ఆమె అడిగింది.

"అంటే గాలి కూసునేది ఆ డబ్బాలనే అన్నట్టు. మరి ఆ డబ్బా ఎందుకు పెట్టిండ్రు?"

"అంటే... ఇంజన్‌తోని వచ్చింది గద అని పెట్టిన."

రేకు వెనక నవ్వు మొదలైంది. ఎగతాళి నవ్వు కాదు. ఆపుకుందామని చూసి ఆపుకోలేక, యాక్సిలరేటరు మీద కాలు కూడా అదిరి, ఇంజన్ కూడా ఆమెతో పాటు ఊగిపోయిన నవ్వు. నేను గొట్టం పిసకడం మరిచిపోయి నిలబడ్డాను. అంతలో ఆమె అరిచింది. "అబ్బా, కాళ్లు కాల్తున్నయి!"

"షాబాష్!" అని నేను గంతేశాను. కిరాణా ఆయన అదిరిపడ్డాడు. కూతురు కాళ్లు కాలుతున్నాయంటే అల్లుడు కాబోయేవాడు షాబాష్ అంటే ఏ తండ్రి అయినా అదిరిపడతాడు. హీటరు వేడెక్కిందంటే గాలి వెళ్లిపోయినట్టని ఆయనకు చెప్పడానికి నాకు కొంతసేపు పట్టింది. బుడగలు ఆగాయి, ముల్లు దిగింది. మూత బిగించి, బానెట్ దించి చూస్తే సీటు ఖాళీగా ఉంది. ఆ వేడికి పౌడరూ కాటుకా కారిపోయి, ముఖం కడుక్కోవడానికి వెనక గుమ్మం గుండా లోపలికి పరుగెత్తిందట.

ఆమె తయారై వచ్చేలోపు మేనత్త లేచి నిలబడింది. వర్జ్యం వస్తున్నదని, దానికి ముందే బయటపడాలని. ఎవరు చెప్పినా వినలేదు. ఒకరోజుకు ఒక్క తీర్పు మార్చుకుంటే చాలనుకున్నట్టుంది.

తిరిగి వచ్చేటప్పుడు ముల్లు కదలలేదు. చాలాసేపటికి బాపు అడిగాడు. "ఏమంటవురా? పిల్ల నచ్చిందా?"

"నచ్చింది బాపు."

"చూసినవా?"

"చూడలే."

వెనక అమ్మ, "మొఖం చూడకుంట ఎట్ల నచ్చిందిరా?" అంది.

"మస్తు నవ్వుతదమ్మా" అన్నాను. బాపు బయటికి చూస్తూ మీసం కింద నవ్వుకున్నాడు. సాయంత్రం జల్‌పల్లి నుంచి ఫోను వచ్చింది. పిల్లగానికి పని వస్తదని వాళ్లు ఒప్పుకున్నారు. అమ్మ మళ్లీ ఏడ్చింది గానీ ఈసారి గచ్చు కడగలేదు.

ఆ రోజు ఆమె నన్ను చూసిందా అని పెళ్లయ్యాక అడిగాను. బానెట్‌కూ అద్దానికీ మధ్య ఉన్న సందులోంచి నీ చేతులు కనబడ్డయి, ఎంత మెల్లగ పిసికినవో ఆ గొట్టాన్ని అంది. అంతకుమించి చూడలేదట, అక్కర్లేకపోయిందట.

ఇప్పుడు నేను వంకాయ కొన్నా తిప్పి తిప్పి, నొక్కి చూసి కొంటాను. చెప్పులు కొనడానికి నాలుగు షాపులు తిరుగుతాను. ఫోను కొనాలంటే అందరి అభిప్రాయాలు చదివి, చివరికి కొనకుండా ఊరుకుంటాను. "ఇంతగనం చూస్తవేంది?" అని ఆమె విసుక్కుంటుంది. ఎప్పుడైనా ఆ తుప్పుమరకల చొక్కా కుర్రాడు గుర్తొస్తాడు. రేకు అవతల నుంచి వచ్చిన ఒక్క నవ్వు విని, ముఖమైనా చూడకుండా బతుకంతా ఇచ్చేసి, హాయిగా స్టీరింగు పట్టుకుని ఇంటికి పోతుంటాడు. వాడికి అంత ధైర్యం ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు. అందులో కొంచెం నాకు మిగిల్చి ఉంటే బాగుండేదనిపిస్తుంది.