దవాఖానకు తీసుకెళ్ళిన సైకిల్ సీటు

ఒంట్లో ఏదో తేడా వచ్చిందని నాకు మొదట తెలిసింది మొయినాబాద్‌కూ మా ఊరికీ నడుమ, కాలువ మీది చిన్న వంతెన అయిన మోరీ దగ్గర. సాయంత్రం ఉద్యోగం నుంచి ఇంటికి వస్తున్నాను. అది కంకర తేలిన దారి. మోరీ ఎక్కగానే సీటు ఒత్తుకునే చోట మంట పుట్టింది. కుడికి జరిగాను, ఎడమకు జరిగాను, పెడళ్ళ మీద నిలబడి తొక్కాను. ఇల్లు చేరేదాకా ఒక్క తీరున కూర్చోలేకపోయాను. సైకిల్‌ను గోడకు ఆనిస్తుండగా మా అవ్వ, అంటే అమ్మ, చూసింది.

"గట్ల నడుస్తున్నవేందే?"

"నడుము నొస్తున్నదవ్వా."

నొప్పి నడుములో లేదు. మా ఇంటి ఆడవాళ్ళలో బొడ్డు కింద, తొడల పైన ఎక్కడ నొచ్చినా దానికి నడుము నొప్పి అనే పేరు. అవ్వ అట్లాగే చెప్పుకునేది, ఆమె తల్లీ అట్లాగే చెప్పుకున్నది. ఆలోచించకుండా నేనూ ఆ మాటే వాడాను. ఆ ఒక్క మాట వల్ల నా వైద్యం నెలల తరబడి మరో దారిలో నడిచింది. సైకిల్ తొక్కే తోటి స్త్రీలకు ఆ ఆలస్యం జరగకూడదని ఈ అనుభవం రాస్తున్నాను.

మా కుటుంబంలో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనిషిని నేను. చేవెళ్లలో చూసినా మొయినాబాద్‌లో చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే కనిపించే కాలం అది. మొయినాబాద్‌లో ఒక మేడ మీద, మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ చేసే చిన్న ఆఫీసులో నాకు పని దొరికింది. అమెరికా డాక్టర్లు తమ రోగుల గురించి చెప్పి రికార్డు చేసిన మాటలను హెడ్‌ఫోన్‌లో విని టైప్ చేయాలి. మా ఊరికి వచ్చే ఒక్క బస్సు నా షిఫ్టుకు అందేది కాదు. సైకిల్ ఆగితే ఉద్యోగం ఆగినట్టే. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనేవారు కాదు.

సైకిల్‌ను బాపు, మా నాన్న, చేవెళ్లలో కొన్నాడు. లేడీస్ సైకిలే గానీ దాని సీటు అప్పుడే వస్తున్న కొత్త రకానిది. సన్నగా, గట్టిగా, ముక్కు పొడవుగా ఉండేది. నేను ముందుకు జారకూడదని దుకాణంలో ఆ ముక్కును కొంచెం పైకి లేపి బిగించారు. ఆడపిల్ల రెండు కాళ్ళూ నేలకు ఆనాలని సీటును అడుగంటా దించారు. మా ఊళ్ళో ఆడపిల్లల సైకిళ్ళన్నీ అట్లాగే ఉండేవి. అందులో పొరపాటున్నదని ఎవరికీ తోచలేదు.

మంట తగ్గకపోయేసరికి ఒక ప్రైవేటు క్లినిక్‌కు వెళ్ళాను. డాక్టరు పెద్దమనిషి, ఓపికగా అడిగాడు.

"ఎక్కడమ్మా నొప్పి?"

"నడుము సార్."

నడుము ఎముకలకు ఎల్‌ఎస్ స్పైన్ ఎక్స్‌రే తీయించాడు. నార్మల్ అని వచ్చింది. "కంప్యూటర్ ముందట ఎక్కువ కూర్చుంటున్నవు. పోశ్చర్ ప్రాబ్లమ్," అని పెయిన్ కిల్లర్ రాసి, నడుముకు బెల్టు కట్టుకోమన్నాడు. ఆయన తప్పేమీ లేదు. నేను చెప్పిన చోటికి ఆయన సరైన వైద్యమే చేశాడు.

బెల్టు కట్టుకుని సైకిల్ తొక్కాను. వీపు వంగక బరువంతా ఇంకా కిందికి దిగేది. ఆఫీసులో కుర్చీ అంచున కూర్చునేదాన్ని, లేచేదాన్ని, మళ్ళీ కూర్చునేదాన్ని. కొన్నాళ్ళకు కీబోర్డును ఫైళ్ళ దొంతర మీద పెట్టుకుని నిలబడే టైప్ చేయసాగాను.

"ఏందమ్మా, నీ కుర్చీల ముండ్లున్నయా?" అని మా టీమ్ లీడర్ మేడమ్ అడిగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

వర్షాలు మొదలయ్యాక ఒక ఉదయం లేవలేకపోయాను. జ్వరం కాగిపోతున్నది. అవ్వ తలుపు వేసి చూసింది.

"గింత గడ్డ అయ్యేదాక నడుము నడుము అంటున్నవా బిడ్డా?"

"నువ్వే అట్ల అంటవు గదనే."

అవ్వ బాపుతో "పిల్లకు వేడి గడ్డ లేసింది, పట్నం తీస్కపోవాలె," అన్నది. ఎక్కడ లేచిందని బాపు అడగలేదు.

హైదరాబాద్‌లో మెహిదీపట్నం దగ్గర ఒక ఆసుపత్రిలో లేడీ డాక్టర్ చూసింది. బ్లడ్ షుగర్, యూరిన్ పరీక్షలు చేయించింది. రెండింటిలోనూ ఏమీ లేదు. ఆ రోజే గడ్డ కోసి చీము తీశారు. కేస్ షీట్ మీద 'పెరినియల్ యాబ్సెస్, ఇన్సిషన్ అండ్ డ్రైనేజ్' అని రాశారు. మలమూత్ర ద్వారాల నడుమ చోట లేచిన గడ్డను కోసి చీము తీశామని దాని అర్థం. ఆ మాటలను ఆఫీసులో స్పెల్లింగ్ చూడకుండా టైప్ చేసేదాన్ని. వాటిలో ఒక్కటైనా నా గురించి నా నోటితో చెప్పలేకపోయాను.

గాయం మానేదాకా సైకిల్ ముట్టవద్దన్నారు. ఇంట్లో బోర్లా పడుకుని ఉండేదాన్ని. లేచి వాకిట్లోకి వెళ్ళి, సైకిల్‌ను చూసి, మళ్ళీ వచ్చి పడుకునేదాన్ని. నెలాఖరు దాకా నా స్థానం ఉంచగలనని, ఆ తరువాత తన చేతిలో లేదని టీమ్ లీడర్ కబురు పంపింది. ఆ కబురు విన్నాక బాపు నా పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు.

"బంద్ చెయ్యి బిడ్డా. పానం కంటె కొలువు ఎక్కువనా?"

"పానం మంచిగనే అయితది బాపు. కొలువు పోతె మళ్ళ రాదు."

నెలాఖరుకు ముందే పనిలో చేరాను. ఈసారి జాగ్రత్తగా ఉండాలని సీటు మీద దళసరి స్పాంజ్ కవరు తొడిగించాను. దాని మీద పాత చున్నీని మడతలు పెట్టి కట్టాను. మొదట హాయిగా అనిపించింది. మోరీ దగ్గరకు వచ్చేసరికి తిమ్మిరెక్కేది. సైకిల్ దిగిన తరువాత కూడా ఆ చోట స్పర్శ తెలిసేది కాదు. ఇంకొంత మెత్తన చేశాను. తిమ్మిరి ఎక్కువైంది. పాత గాయం పక్కనే మళ్ళీ గట్టిపడసాగింది.

ఈసారి ఆలస్యం చేయకుండా లేడీ డాక్టర్ దగ్గరకు వెళ్ళాము. అవ్వ నాకంటే ముందే "వేడి చేసిందమ్మా దీనికి," అని మొదలుపెట్టింది.

"ఒక్కచోటనే చేస్తదా వేడి?" అని డాక్టర్ నా వైపు తిరిగింది. "ఆఫీసుకు ఎట్ల పోతవు?"

"సైకిల్ మీద మేడమ్."

"మొన్న చెప్పలేదే?"

"మీరు అడగలేదు మేడమ్."

"నేను అడగలే, నువ్వు చెప్పలే. మంచిగున్నది మన ఇద్దరి కత. ఈ యాంటీబయాటిక్ వాడు. మళ్ళా వచ్చేటప్పుడు ఆ సీటు విప్పుకొని తీసుకురా."

నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. ఆమె ప్రిస్క్రిప్షన్ కింద 'సీటు తేవాలి' అని రాసి గీత కూడా గీసింది.

సీటును బియ్యం సంచిలో పెట్టుకుని మొయినాబాద్‌లో బస్సెక్కాను. ఖాళీ ఉన్నా కూర్చోలేక కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. సంచిలోంచి సీటు ముక్కు బయటికి వచ్చింది. కండక్టర్ చూసి, "సొంత సీటు తెచ్చుకొని గూడ నిలవడ్డవేందమ్మా?" అన్నాడు. బస్సులో ఆడవాళ్ళు నవ్వారు. ఒకామె మాత్రం నవ్వకుండా, తన బిడ్డ కూడా సైకిల్ మీదనే కాలేజీకి పోతుందని, దానికీ ఏదో నడుము నొప్పి ఉన్నదని చెప్పింది. ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

డాక్టర్ బల్ల మీద పేపర్ పరిచి సీటును దాని మీద పెట్టించింది. స్పాంజ్ ఊడదీసి, రెండు పిడికిళ్ళను ఎడంగా సీటు వెనుక భాగం మీద ఆనించింది. అవి రెండు పక్కలా బయటికి జారాయి.

"నీ బరువు రెండు ఎముకల మీద పడాలె. ఇస్కియల్ ట్యూబరాసిటీస్ అంటం. చెక్క కుర్చీల కూసుంటె తగుల్తయి చూడు, అవే. ఆడవాళ్ళకు చానామందికి అవి జర ఎడంగ ఉంటయి. ఈ సీటు మీద నీ ఎముకలు రెండూ బయటికే. బరువంత నడుమ మెత్తటి చోట పడుతున్నది."

"అందుకే స్పాంజ్ వేసిన మేడమ్."

"స్పాంజ్ ఎముకల కింద కుంగుతది, నడుమ లేస్తది. ఇంకింత ఒత్తుతది. మెత్తదనం కాదమ్మా నీకు కావాల్సింది, వెడల్పు."

సీటు ముక్కు పైకి లేవకూడదని, సీటు మరీ కిందికి ఉంటే కాళ్ళ మీద పడవలసిన బరువు కూడా దాని మీదనే పడుతుందని చెప్పింది. తడి మన్ను మీద ఒకసారి కూర్చుని లేస్తే ఎముకల ఎడం తెలుస్తుందన్నది.

ఇంటికి వచ్చి, మన్ను కోసం వెతకడమెందుకని జొన్నపిండి డబ్బా మూత తీశాను. అవ్వ చెయ్యి పట్టుకున్నది.

"తినే పిండి మీద కూసుంటవానే? గిదేనా నీ డిగ్రీ చదువు?"

తరువాత తానే పొయ్యి అలకడానికి నానబెట్టిన ఎర్రమన్ను తెచ్చి, పలక మీద రొట్టెలా పరిచింది. పైన పల్చటి బట్ట వేసి తలుపు మూసింది. నేను కూర్చుని లేచాను. మన్నులో రెండు గుంటలు పడ్డాయి. ఒక గుంట నడుమ నుంచి మరో గుంట నడుమకు అవ్వ దారం పట్టి ముడి వేసింది. ఎముకలు సీటు అంచు దాటకుండా అటు ఒక వేలి వెడల్పు, ఇటు ఒక వేలి వెడల్పు కలిపి తెంపింది.

ఆ దారంతో మొయినాబాద్‌లో సైకిల్ దుకాణానికి వెళ్ళాను. దుకాణదారు దాన్ని చూసి, "గిదేం కొలత చెల్లె?" అన్నాడు.

"సీటు కొలత అన్నా."

"సీటుకు కొలతేంది? సీటంటె సీటే."

"అంగీకి కొలుస్తరు గదా అన్నా. రోజూ కూసునే దానికి కొలవొద్దా?"

ఆయన సీట్లు దించాడు. గోడకు వేలాడుతున్న కొత్తవాటిలో ఏదీ దారానికి అందలేదు. చివరికి అటుక మీది నుంచి వెడల్పాటి స్ప్రింగుల సీటు ఒకటి తీశాడు.

"గిది తాతల కాలంది. సైకిల్ అందం పోతది."

"పోనీ అన్నా."

ముక్కు జర లేపుతానన్నాడు, సమంగా పెట్టమన్నాను. ఆడపిల్లవు, కాళ్ళు అందాలన్నాడు. పెడల్ కిందికి పోయినప్పుడు మడమ ఆనితే కాలు తిన్నగా ఉండేటంత ఎత్తుకు లేపమన్నాను. "ఆగినప్పుడు సీటు దిగుత. కూసొని నిలవడేది ఎందుకు?" అన్నాను. ఆయన తల ఊపి బోల్టు బిగించాడు.

మందులతో ఆ గట్టిదనం పూర్తిగా తగ్గిన తరువాత మొదటిసారి ఆ సీటు మీద ఊరు దాటుతుంటే ఒక పెద్దాయన "సర్కస్‌ల చేరినవా బిడ్డా?" అని అరిచాడు. నాకు భయంగానే ఉన్నది. మోరీ దగ్గర మంట మొదలవుతుందని ఒళ్ళంతా బిగబట్టుకుని తొక్కాను. ఎంతకీ మోరీ రాలేదు. తీరా తల ఎత్తితే మొయినాబాద్ ఇళ్ళు కనిపించాయి. మోరీ ఎప్పుడో వెనుకబడిపోయింది.

గడ్డ మళ్ళీ రాలేదు. ఉద్యోగం నిలిచింది. ఇప్పుడు ఇతరులు టైప్ చేసిన రిపోర్టులు సరిదిద్దే పని చేస్తున్నాను. ఒకచోట ఎక్కువసేపు కూర్చోలేని అలవాటు మాత్రం మిగిలింది. మధ్యమధ్య లేచి కిటికీ దాకా నడుస్తాను. సైకిల్ ఎక్కే ముందు ప్రతిసారీ సీటు ముక్కు కదిలిందేమో పట్టి చూస్తాను. ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఎవరైనా నడుము నొప్పి అంటే, పక్కకు తీసుకెళ్ళి సరిగ్గా ఎక్కడో అడుగుతాను. వాళ్ళలో ఇద్దరు మా ఇంటికి వచ్చారు. వాళ్ళ కోసం అవ్వ మన్ను నానబెట్టింది.

బస్సులో తన బిడ్డ గురించి చెప్పిన ఆమె మళ్ళీ కనిపించలేదు. ఆమెకు ఆ రోజు చెప్పలేకపోయినది ఇక్కడ చెబుతున్నాను. డాక్టర్ దగ్గర నొప్పి ఉన్న చోటును దాని పేరుతోనే చెప్పండి. ఆ మాట నోటికి రాకపోతే మీ సైకిల్ సీటును విప్పి, సంచిలో వేసుకుని వెళ్ళి, డాక్టర్ ముందు బల్ల మీద పెట్టండి.