పొయ్యిలో వేసిన రఫ్ పుస్తకం

మూడు వారాల కిందట, మంగళవారం ఉదయం ఆరూ ఇరవైకి మా ఇంట్లో ఫోను మోగింది. ఎదురింటి లెక్చరర్ గారు పోయారని ఆయన భార్య చెప్పింది. స్నానం చేసి వచ్చి చొక్కా గుండీలు పెట్టుకుంటూ మంచం పక్కనే కూలిపోయారట. గుండెపోటు. అప్పటికే నాకు ఏదో తేడాగా అనిపించింది. రోజూ అయిదూ నలభై అయిదుకు మా గేటు ముందు రెండుసార్లు మోగే కారు హారన్ ఆ రోజు మోగలేదు. ముప్పై నాలుగేళ్లు బడిలో పాఠాలు చెప్పినదాన్ని. ఇంట్లో ఎవరు ఎప్పుడు బయలుదేరారో, ఎప్పుడు తిరిగి వచ్చారో పుస్తకంలో రాయకుండా ఉండలేను. ఆ రోజు గడి ఖాళీగా ఉంది.

తెల్లవాళ్ల పాలన పోయి అందరికీ ఓటు వచ్చిన మొదటి ఎన్నికలు జరిగిన మరుసటి ఏడు ఆయన కాకినాడ వైపు నుంచి ఈ దేశానికి వచ్చారు. డర్బన్‌లోని ఒక కాలేజీలో కంప్యూటర్ సిస్టమ్స్ ఇంజనీరింగ్ చెప్పే ఉద్యోగం. భార్యకు మా ఊరు స్టాంగర్‌లోనే లెక్కల టీచరుగా పని దొరకడంతో మా వీధిలో ఇల్లు తీసుకున్నారు. పరిచయం చేసుకోవడానికి వచ్చిన మొదటి రోజే బూట్లతో లోపలికి అడుగుపెట్టారు.

"ఇంత చదువుకున్నావు, గుమ్మం అవపడలేదా? బూట్లు బయట ఇప్పు!" అని కసిరాను.

ఆయన గుమ్మంలోనే ఆగిపోయి నవ్వారు. "మా నాయనమ్మ పోయాక నన్నిలా కసిరినవాళ్లు లేరండీ అమ్మగారూ. ఇక రోజూ వస్తాను" అన్నారు. నిజంగానే వచ్చేవారు. బూట్లు మాత్రం గేటు దగ్గరే విప్పేసేవారు.

నా మనవరాలు నా దగ్గర ఉండి చదువుకుంటోంది. ఆయన చెప్పే కోర్సులోనే చేరింది. జనాన్ని కుక్కి తీసుకెళ్లే టాక్సీ వ్యాన్లు మారుతూ డర్బన్ వెళ్లే అవస్థ చూసి, తన కారులో తీసుకెళతానని ఆయనే అన్నారు. దారి పొడుగునా చెరుకు తోటలు. ఆ గంటసేపూ ఆయన ప్రశ్నలు అడుగుతూనే ఉండేవారట. "పని చేసిందని ఎవరైనా చెబుతారు. ఎందుకు చెయ్యలేదో చెప్పు" అనేవారట. మనవరాలు సాయంత్రం ఇంటికి వచ్చి ఆయన గొంతు పెట్టి అనుకరిస్తే నాకు కూడా నవ్వు వచ్చేది.

ఆయన పద్ధతి ఒకటి చెప్పాలి. ప్రాజెక్టు చేసే ప్రతి విద్యార్థీ రోజూ రఫ్ పుస్తకం రాయాలి. సిరాతోనే రాయాలి. తప్పు రాస్తే దాని మీద ఒకే ఒక్క గీత గియ్యాలి, కింది అక్షరాలు కనబడుతూ ఉండాలి. "కొట్టెయ్యి, చింపకు" అనేవారు. నిన్నటి పేజీని ఈ రోజు ఉదయం చూసి, అడుగున మూలలో ఆకుపచ్చ సిరాతో పొడి అక్షరాలు వేసేవారు. మా పిల్లకు ఆ సంతకం కారు కదలక ముందే మా గేటు దగ్గర పడేది.

చివరి సంవత్సరంలో మనవరాలు ఒక చిన్న సర్క్యూట్ బోర్డు తయారు చేసింది. చక్కెర మిల్లులో చెరుకు రసం వేడిని కొలిచి తెర మీద అంకెలుగా చూపించాలి. దగ్గరలో మోటారు తిరిగితే చాలు, అంకెలు పిచ్చిగా ఎగిరేవి. అయిదు వారాలు తిప్పలు పడింది. చివరికి చిప్ పక్కనే కరెంటు ఒడిదుడుకులను ఆపే చిన్న కెపాసిటర్ ఒకటి పెడితే అంకెలు నిలబడ్డాయి. ఆ అయిదు వారాల కథంతా రఫ్ పుస్తకంలో ఉంది. కొట్టివేతలు, టీ మరకలు, టంకం వేడికి మాడిన అంచులు.

ఆ పుస్తకం చూసి నాకు ఒళ్లు మండింది. మా కాలంలో తెల్ల ఇన్‌స్పెక్టర్లు వచ్చి మా పిల్లల పుస్తకాలు తిరగేసేవారు. ఒక్క మరక కనబడినా "మీ జనం ఇంతే" అని వెళ్లిపోయేవారు. అందుకే ఫేర్ కాపీ రాయించి, రఫ్ పుస్తకాలు కాల్చేసేవాళ్లం. మన తప్పు వాళ్ల కంట పడకూడదు, అంతే. నేను మనవరాలిని కూర్చోబెట్టి, కొత్త పుస్తకానికి ఎర్ర సిరాతో మార్జిన్లు గీసి, "పనిచేసిందే రాయి, చెత్తంతా ఎందుకు" అని ఫేర్ కాపీ రాయించాను. పరీక్ష రోజు తెల్లవారగానే పాత పుస్తకాన్ని పెరట్లో నీళ్లు కాచే పొయ్యిలో పెట్టాను.

"అవ్వా, రఫ్ బుక్ ఎక్కడ పెట్టినావు?" అని అడిగింది, తల తుడుచుకుంటూ వచ్చి.

"శుభ్రంగా రాసింది ఉంది కదే."

"హాయిబో, అవ్వా! సార్ సైన్ అంతా దాంట్లోనే ఉంది!" అని అరిచింది. హాయిబో అంటే ఇక్కడి జూలూ మాటలో అయ్యయ్యో అని.

నేను పొయ్యి వైపు చూశాను. అది కూడా చూసింది. ఆ మంట మీద కాగిన నీళ్లతోనే అప్పుడు స్నానం చేసి వచ్చింది.

బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ఫేర్ కాపీ తిరగేసి, "ఒక్క తప్పూ లేకుండా మొదటిసారే పనిచేసిందా? ఎవరు చేసిచ్చారు?" అని అడిగాడట. పిల్ల రోజూ ఎవరి కారులో వస్తుందో అక్కడ అందరికీ తెలుసు. రఫ్ పుస్తకం పోయిందని మాత్రం చెప్పింది మనవరాలు. నా పేరు ఎత్తలేదు. లెక్చరర్ గారు లేచి, "నేను దీనికి సాక్ష్యం చెబితే చెల్లదు. నిబంధన ప్రకారం చెయ్యండి" అన్నారట. రఫ్ పుస్తకం లేకపోతే మార్కులు లేవన్నది నిబంధన. ప్రాజెక్టుకు సున్నా వేశారు. డిగ్రీ ఏడాది వెనక్కి పోయింది.

ఆ సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చారు. నేను కూర్చోమనలేదు.

"కన్నపిల్లలాగ తీసుకుపోయేవు. అందరి ముందూ గాలికి వదిలేసేవు గదా, నాయనా" అన్నాను.

"తప్పులు కనబడకపోతే, పని ఎవరు చేశారో కూడా కనబడదండీ అమ్మగారూ" అన్నారు. అంతే. గేటు దగ్గర బూట్లు తొడుక్కుని వెళ్లిపోయారు.

ఆ తర్వాత ఆయనతో నేను మాట్లాడలేదు. తప్పు నాదని తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు. జీవితమంతా పిల్లల తప్పులు దిద్దినదాన్ని కదా. మనవరాలు మళ్లీ కొత్త బోర్డుతో, కొత్త రఫ్ పుస్తకంతో మొదలుపెట్టింది. నా పుస్తకం ప్రకారం ఆ ఏడాది నూట తొంభై ఒక్క ఉదయాలు ఆయన మా గేటు ముందు రెండుసార్లు హారన్ కొట్టారు. ప్రతిసారీ కిటికీలోంచి నన్ను చూసి తల వంచేవారు. నేను వేళ రాసుకుని పరదా వేసేసేదాన్ని. మళ్లీ పరీక్ష గట్టెక్కాక, ఇంటికి పిలిచి, అన్నం పెట్టి, చెప్పేద్దామనుకున్నాను. పరీక్ష శుక్రవారం. ఆయన మంగళవారం పోయారు.

దహనం అయ్యాక ఆయన భార్య పక్కన కూర్చున్నాను. ఇక దాచలేక, "అమ్మా, ఆ పుస్తకం..." అని మొదలుపెట్టాను.

ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "ఆయనకు తెలుసండీ పిన్నిగారూ. ఎర్ర మార్జిన్లు చూసి, ఇది అమ్మగారి చెయ్యి అని ఆ రోజే అన్నారు. మీరు అడగచ్చు కదా అంటే, ఆవిడే చెబుతారులే అన్నారు."

ఏడాదిపాటు ఆయన ఎదురుచూశారు. వీధికి అటు ఆయన, ఇటు నేను.

శుక్రవారం మనవరాలు టాక్సీలో వెళ్లింది. పరీక్షకుడు రఫ్ పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చూసి, ఎక్కువ కొట్టివేతలున్న పేజీ దగ్గర ఆగి, దాని గురించే అడిగాడట. అది అన్నిటికీ జవాబు చెప్పింది. పాసైంది. నాలుగూ పదికి ఇంటికి వచ్చి ఆ మాట చెప్పి, పుస్తకం బల్ల మీద పెట్టి, ఎదురింటి వైపు ఉన్న కిటికీ దగ్గరకు వెళ్లింది.

నేను పుస్తకం తెరిచాను. ప్రతి పేజీ అడుగునా ఆకుపచ్చ పొడి అక్షరాలు. చివరి పేజీ సోమవారం నాటిది. దాని మీద మంగళవారం ఉదయం మా గేటు దగ్గర సంతకం పడాలి. మనవరాలు చివరి వాక్యాన్ని కాస్త ఇరికించి రాసింది, ఆయన సంతకానికి చోటు ఉండాలని. ఆ మూల తెల్లగా ఉంది.