పాప కాలికి ముగ్గురు దోషులు

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన ఏడు అది. బెంగళూరు హోసూరు రోడ్డు దగ్గర ఒక ఆసుపత్రిలో, పిల్లలకు ప్లాస్టర్ వేసే గదిలో నేను నర్సును. రెండు వారాల పాపతో ముగ్గురు వచ్చారు: తల్లి సుజాత, తండ్రి రమేష్, నాయనమ్మ నాగమ్మ. కదిరి వైపు వాళ్ళు, బొమ్మనహళ్ళిలో కాపురం.

పాప కుడి పాదం లోపలికి, కిందికి తిరిగి ఉంది. దీన్నే క్లబ్‌ఫుట్ అంటారు. డాక్టరమ్మ పాప వెన్ను, తుంటి చూసి వేరే లోపమేమీ లేదన్నారు. వారం వారం పాదాన్ని మెల్లగా సరిచేస్తూ ప్లాస్టర్ వేయాలి.

సుజాత మాత్రం ఆ పాదాన్ని తాకడమే లేదు. పాలు పట్టేటప్పుడు నాతో మెల్లగా అంది: "ఎనిమిదో నెల దాకా గార్మెంట్స్‌లో కుట్టు మిషన్ తొక్కినా సిస్టర్. దానికే ఇట్లయిండాది. నేను ముట్టుకుంటే ఇంకా చెడిపోతాదేమో. మా అత్తకు చెప్పొద్దండి."

కాసేపటికి వరండాలో నాగమ్మ నా చెయ్యి పట్టుకుంది. "గ్రహణం పూట వంకాయలు తరగమని నేనే అంటి తల్లీ. కోడలికి చెప్పొద్దు."

దూది తేవడానికి వెళ్ళొచ్చిన రమేష్ కూడా తల వంచుకునే అన్నాడు: "కడుపుతో ఉండే మనిషిని రోడ్డు హంపుల మీద దినామూ పనికి బైక్‌లో దింపుతా ఉంటి సిస్టర్."

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ముగ్గుర్నీ డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టి, "నాతో చెప్పింది ఈమెకే చెప్పండి" అన్నాను. ముందు నాగమ్మే నోరు విప్పింది. ఆమె వెనకే మిగతా ఇద్దరూ.

డాక్టరమ్మ ఓపిగ్గా విన్నారు. "ఎక్కువమంది పిల్లల్లో కచ్చితమైన కారణం తెలియదమ్మా. జన్యువుల పాత్ర ఉంటుంది, కొన్ని ఇళ్ళలో వంశంలో ఉంటుంది. గర్భంతో ఉన్నప్పుడు పొగ తాగితే ముప్పు పెరగొచ్చు. అంతేగానీ మిషన్ వల్ల, గ్రహణం వల్ల, బైక్ వల్ల రాదు."

సుజాత అత్త వైపు తిరిగింది. "వంకాయ కూర కావాలని నేనే కదత్తా అడిగితి!"

నాగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. సుజాత వంగి, మొదటిసారి ఆ పాదాన్ని అరచేతిలోకి తీసుకుంది.

ప్లాస్టర్లు అయ్యాక మడమ వెనక బిగిసిన స్నాయువుకు చిన్న గాటు పెట్టారు. తర్వాత బ్రేస్, అంటే కడ్డీకి బిగించిన బూట్లు. పాప ఏడుస్తోందని రమేష్ వాటిని విప్పబోతే, పాదం మళ్ళీ తిరిగిపోతుందని నాగమ్మ ఒప్పుకోలేదట. ఇప్పుడా పిల్ల మా వరండాలో పరుగులు తీస్తుంటే పట్టుకోవడం నా వల్ల కాదు.

ఆ రోజు నుంచి ఏ బిడ్డ వచ్చినా, ప్లాస్టర్ తడిపే ముందు ఆ ఇంటివాళ్ళలో ఒక్కొక్కరినీ విడిగా పలకరిస్తాను. ఎవరి మనసులో ఏ నేరం దాచుకున్నారో అడుగుతాను.