లైట్‌హౌస్ సైలస్ కోసం ప్రార్థించండి

ఆర్డిత్‌కు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. లేని మనుషుల కోసం ఊరందరి చేతా ప్రార్థనలు చేయిస్తుంది.

ఊరంటే అయోవాలో మొక్కజొన్న చేల నడుమ ఉన్న మా ఓస్టర్‌వెల్. ప్రతి బుధవారం సాయంత్రం చర్చి కింది హాల్లో అందరం కాఫీ కప్పులు పట్టుకుని కూర్చుంటాం. "ఎవరికోసమైనా ప్రార్థన చేయాలా?" అని పాస్టరు అడుగుతాడు. ఒకరు మోకాలి నొప్పి అంటారు, ఒకరు వాన అంటారు. అప్పుడు ఆర్డిత్ లేచి, కళ్ళజోడు ముక్కు మీదికి తోసుకుని, గొంతు సవరించుకుంటుంది.

"జోసయా కోసం ప్రార్థించండి. పశువుల కొట్టం కాలి బూడిదైపోయింది. పాపం, పెళ్ళి కూడా కాలేదు."

మొదటిసారి ఈ మాట విన్నప్పుడు అంతా నిజమేననుకున్నారు. అందరికంటే ఎక్కువ నమ్మింది హెర్మీనా. ఊళ్ళో ఎవరికి కష్టమొచ్చినా హాట్‌డిష్ పట్టుకుని ముందు గుమ్మంలో వాలే మనిషి ఆవిడ. బంగాళదుంపలు, కోడిమాంసం, జున్ను పొరలు పొరలుగా పేర్చి ఓవెన్లో కాల్చిన ఆ ట్రే లేకుండా ఆవిడ పరామర్శకు వెళ్ళిన పాపాన పోలేదు. మర్నాడు ఆ వేడి ట్రే కారులో పెట్టుకుని కంకర రోడ్లన్నీ తిరిగింది. కాలిన కొట్టం కనిపిస్తే ఒట్టు! చివరికి ఆర్డిత్ వంటింట్లోకి వచ్చిపడింది.

"ఎవరే ఆ జోసయా? ఎక్కడుంటాడు?"

"మూడో అధ్యాయంలో," అంది ఆర్డిత్.

"అంటే?"

"నా కొత్త నవల్లో హీరో."

"మరి కొట్టం తగలబెట్టిందెవరు?"

"నేనే. ఏం చేయను చెప్పు, కొట్టం కాలకపోతే ఆ టీచరమ్మ అతని గడప తొక్కేలా లేదు."

"నువ్వే తగలబెట్టి, నువ్వే ప్రార్థించమంటావా? సిగ్గులేదూ!"

"ఉంది కాబట్టే ప్రార్థించమన్నాను."

హెర్మీనా ట్రే ఎత్తుకుని వెళ్ళిపోబోయింది. అప్పటికే ఆర్డిత్ ఫోర్కు తెచ్చుకుని కూర్చుంది. ఆ మధ్యాహ్నం జోసయా వంతు హాట్‌డిష్ ఇద్దరూ కలిసి తిన్నారు.

ఆర్డిత్ రాసేవి దేవుడి భయం ఉన్న ప్రేమ నవలలు. ఆ పుస్తకాల్లో మంచు తుఫానులొస్తాయి, గుర్రాలు తప్పిపోతాయి, అపార్థాలు బండెడు జరుగుతాయి. ముద్దు మాత్రం ఆఖరి పేజీలో ఒక్కటే, అదీ పాస్టరు ఎదుట. "కాస్త ముందు పెట్టకూడదూ, పడుకునే వేళ అవుతుంది," అని చర్చిలో ఆడవాళ్ళు బతిమాలినా ఆవిడ చెవిన పెట్టదు. హీరోలు నల్లగా ఉన్నా తెల్లగా ఉన్నా, కౌబాయ్ అయినా డాక్టరయినా, అందరికీ ఎడమ చెవి కాస్త ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. అది పోయిన మొగుడు లెస్టర్ చెవి. ఆ మహానుభావుడు విత్తనాలు వేస్తే సాళ్ళన్నీ తాడు పట్టినట్టు తిన్నగా వచ్చి, ఇంటి దగ్గర మాత్రం వంకర తిరిగేవి. అక్కడికి రాగానే వంటింటి కిటికీలో ఆర్డిత్ కనిపించేది మరి! "ఇన్ని ప్రేమకథలు ఎక్కడ దొరుకుతాయి నీకు?" అని అడిగితే, "మా ఆయన వంకర సాళ్ళలో," అంటుంది.

పొద్దున్నే బుగ్గన పెప్పర్‌మెంటు బిళ్ళ పెట్టుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చుని, రాయడానికి ముందు దేవుడితో మాట్లాడుతుంది. ఆయన దగ్గర ఆవిడకు మొహమాటం లేదు. "ప్రభువా, వీళ్ళిద్దరూ నిన్నటి నుంచీ మాట్లాడుకోవడం లేదు. నాకేమీ తోచడం లేదు. నువ్వే కాస్త చూడు," అంటుంది. ఆయన చూస్తే రాస్తుంది. చూడకపోతే మొక్కలకు నీళ్ళు పోస్తూ సణుగుతుంది.

క్రమంగా ఊరు అలవాటు పడింది. బుధవారం ఆర్డిత్ లేచిందంటే, "ఈసారి ఎవరికేం చేశావు తల్లీ?" అని నవ్వుతూనే అందరూ తలలు వంచేవారు. తప్పిపోయిన గుర్రం కోసం, బిడ్డలు లేక ఏడ్చే లిడియా కోసం, తండ్రితో మాటల్లేని ఒక నావికుడి కోసం ప్రార్థించారు. ఆ చలికాలమంతా వంతు సైలస్‌ది.

"సైలస్ అని, మెయిన్ రాష్ట్రంలో లైట్‌హౌస్ కాపరి," అంది ఆర్డిత్. "ఆయన భార్యకు ఒక్కొక్కటే మరపుకొస్తోంది. ఆయన ఎవరికీ చెప్పడు. ఆవిడ పనులన్నీ తనే చేసి, ఆవిడే చేసిందంటాడు. మోయలేకపోతున్నాడు. అతని కోసం ప్రార్థించండి."

వెనక కుర్చీలో కూర్చున్న వెర్లిన్ తాగుతున్న కాఫీ కప్పు కింద పెట్టేశాడు.

వెర్లిన్ సంఘ పెద్ద. ఆర్డిత్‌తో కలిసి చదువుకున్నవాడు. పొలం, చర్చి, ఇల్లు తప్ప మరో లోకం తెలియదు. అవసరం అంటూ ఒక్క బుధవారం నోరు తెరిచి ఎరగడు. ఆయన భార్య డెలోరిస్ పోయిన వేసవి నుంచి మరిచిపోవడం మొదలుపెట్టింది. ముందు తాళాలు, తర్వాత పొయ్యి, తర్వాత మనవరాలి పేరు. ఊళ్ళో తెలిస్తే ఆవిడను జాలిగా చూస్తారని ఆయనకు బెంగ. పాటల బృందంలో ముందు నిలబడి పాడిన మనిషి! అందుకే బుధవారాలు ఆవిడకు జలుబు చేసిందనేవాడు. ఏడాదిలో అన్ని జలుబులు ఎవరికీ రావని ఆయనకు తోచలేదు. చర్చి విందులకు ఆపిల్ ముక్కలు కూరిన తీపి రొట్టె తనే చేసి, డెలోరిస్ చేసిందని చెప్పి పెట్టేవాడు.

ఇదేమిటి, ఎవరో సైలస్‌కు సరిగ్గా నా కష్టమే వచ్చిందేమిటి అని ఆశ్చర్యపోయాడు. కథలే కదా, ఎక్కడైనా కలుస్తాయి అనుకున్నాడు. కానీ ఆ రోజు ఒక విచిత్రం జరిగింది. తలలు వంచాక, ఎన్నడూ నోరు విప్పని వెర్లిన్ గొంతు వినిపించింది.

"ప్రభువా, ఆ సైలస్... మొండివాడు. అయినా అతన్ని విడిచిపెట్టకు. ఆవిడ భయపడకుండా చూడు. ముఖ్యంగా పొద్దుగూకే వేళ."

అందరూ ఆమెన్ అన్నారు. హెర్మీనా ముక్కు చీదుకుంది. ఆ రోజు ఇంటికెళుతుంటే వెర్లిన్‌కు గుండె మీద నుంచి ఎవరో ఒక బస్తా దించినట్టనిపించింది. ఆ తర్వాత బుధవారం ఎప్పుడొస్తుందా అని చూసేవాడు. ఊరంతా సైలస్ పేరు చెప్పి ప్రార్థిస్తుంటే, ఆయన ఆ మాటలన్నీ పోగేసుకుని ఇంటికి పట్టుకెళ్ళేవాడు.

ఇంతలో పాత పాస్టరు రిటైరై కొత్త పాస్టరు వచ్చాడు. పేరు మికా. కుర్రవాడు, ఒంటిగాడు, మంచివాడే. ఒక బుధవారం పొరుగూరి నుంచి వచ్చిన ముసలి దంపతులు సైలస్ కోసం వలవల ఏడ్చి, వెళ్ళేటప్పుడు, "ఆయన వెళ్ళే చర్చి పాస్టరుకు ఒకసారి ఫోన్ చేయండి బాబూ," అన్నారు. మికా ముఖం కందిపోయింది. మర్నాడే వెర్లిన్‌ను పిలిపించాడు.

"వెర్లిన్ గారూ, ఇది బాగోలేదండీ. ప్రార్థన అనేది ఉన్నవాళ్ళ కోసం. ఇక మీదట ఆవిడ ఆ పేర్లు తేకూడదు. మీరు చెబితే నొచ్చుకోరు. వచ్చే బుధవారంలోగా చెప్పేయండి."

"నేనా?" అన్నాడు వెర్లిన్.

పాస్టరు మాట న్యాయమే. సంఘ పెద్దగా కాదనలేడు. కానీ సైలస్ పేరు ఆగిపోతే తన కోసం ప్రార్థించే నాథుడుండడు. ఆ సంగతి చెబుదామంటే అసలు సంగతి చెప్పాలి. రెండు రోజులు ఆర్డిత్ ఇంటి ముందు నుంచి ట్రక్కులో అటూ ఇటూ తిరిగాడే గానీ లోపలికి వెళ్ళలేదు.

మూడో రోజు విత్తనాల యంత్రానికి గ్రీజు పెడుతుంటే హెర్మీనా కారు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. చేతిలో హాట్‌డిష్ లేదు. ఆర్డిత్ కొత్త నవల ఉంది.

"వెర్లిన్! ఇందులో సైలస్ లేడు!"

"ఏమిటీ?"

"లేడయ్యా బాబూ! మొదటి పేజీ నుంచి ఆఖరి ముద్దు దాకా చదివాను. కథంతా నెబ్రాస్కాలో. సముద్రమే లేనిచోట లైట్‌హౌస్ ఎక్కడి నుంచి వస్తుంది? చలికాలమంతా మోకాళ్ళు అరిగేలా ప్రార్థించానే, అవన్నీ ఎక్కడికి పోయినట్టు?"

"వచ్చే పుస్తకంలో ఉంటాడేమో."

"పాతవి కూడా వెతికాను. జోసయా ఉన్నాడు, గుర్రం ఉంది. బిడ్డలు లేని లిడియా ఏదీ? తండ్రితో మాటల్లేని నావికుడేడీ? ఎందులోనూ లేరు. వాళ్ళను ఏం చేసిందట?"

వెర్లిన్ చేతిలో గ్రీజు గన్ అలాగే ఉండిపోయింది. లిడియా కోసం ప్రార్థించిన ఏడాదే బేకరీ వాళ్ళ కోడలు బిడ్డనెత్తుకుని చర్చికొచ్చింది. నావికుడి కోసం ప్రార్థించాక, పంపు మెకానిక్ కొడుకు ఒక ఆదివారం వచ్చి తండ్రి పక్కన కూర్చున్నాడు. వెర్లిన్ గ్రీజు చేతులు ప్యాంటుకే తుడుచుకుని ట్రక్కెక్కాడు.

ఆర్డిత్ వంటింట్లో రాసుకుంటోంది.

"పాస్టరు ఒక మాట చెప్పమన్నాడు," అన్నాడు వెర్లిన్ గుమ్మంలో నిలబడి. "అది తర్వాత. ముందు చెప్పు, సైలస్ ఎవరు?"

ఆర్డిత్ బిళ్ళను ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకు మార్చుకుంది. "కూర్చో. కాఫీ పోస్తాను."

"నీకెలా తెలిసింది?"

"ఆదివారాలు చర్చిలో మీ వెనక వరసే కదయ్యా నాది. ప్రసంగం మొదలవగానే డెలోరిస్ సంచీలోంచి పెప్పర్‌మెంటు తీసి నీకిస్తుంది. పెళ్ళైనప్పటి నుంచీ అంతే, ఒక్కటే ఇస్తుంది. ఇప్పుడేమో ఇచ్చింది మరిచిపోయి మళ్ళీ ఇస్తోంది. కాసేపాగి మళ్ళీ. నువ్వు ఇందాకే ఇచ్చావుగా అనవు. ప్రతిసారీ అదే మొదటిదైనట్టు తీసుకుని నోట్లో వేసుకుంటావు. ఆ మధ్య పాటకు లేస్తే బుగ్గలు రెండూ ఉబ్బిపోయి ఒక్క ముక్క పాడలేకపోయావు."

వెర్లిన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఇన్ని పుస్తకాలు రాశాను," అంది ఆర్డిత్. "అందులో ఒక్క వెధవకీ అలా ప్రేమించడం చేతకాలేదు."

ఆయన టోపీ తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆర్డిత్ చూడనట్టు పొయ్యి వైపు తిరిగి, అవసరం లేకపోయినా కాఫీ కలుపుతూ నిలబడింది.

"నన్నే అడగొచ్చుగా," అన్నాడు చివరికి.

"జలుబన్నావు కదా! నువ్వు చెప్పని సంగతి నేనెలా బయటపెడతాను? అలాగని ప్రార్థన లేకుండా ఎలా వదిలేస్తాను? అందుకే నిన్ను తీసుకెళ్ళి సముద్రం ఒడ్డున పెట్టాను. హాట్‌డిష్ పట్టుకుని హెర్మీనా అంత దూరం రాలేదు."

వెర్లిన్‌కు ఏడుపులోనే నవ్వొచ్చింది. "మరి జోసయా?"

"వాడు నవల్లోవాడే. వాళ్ళ గోలలో మీరంతా దాక్కున్నారు. ఇంతకీ పాస్టరు ఏమన్నాడు?"

"ఉన్నవాళ్ళ కోసమే ప్రార్థించాలన్నాడు."

"సరే అని చెప్పు," అంది ఆర్డిత్ నెమ్మదిగా. ఆ గొంతు విని వెర్లిన్‌కు మనసు చివుక్కుమంది.

బుధవారం వెర్లిన్ ఒంటరిగా రాలేదు. డెలోరిస్‌కు నీలం కోటు తొడిగి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పాస్టరు అలవాటుగా అడిగాడు. ఆర్డిత్ లేవలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని నేల చూస్తూ కూర్చుంది. హాలంతా బోసిపోయింది. వెర్లిన్ లేచాడు.

"సైలస్ కోసం ప్రార్థించాలి."

"వెర్లిన్ గారూ..." అన్నాడు పాస్టరు ఇబ్బందిగా.

"ఉన్నవాళ్ళ కోసమే అన్నారుగా బాబూ. సైలస్ ఉన్నాడు. లైట్‌హౌస్ లేదు గానీ, మిగతాదంతా నిజమే. అతని భార్య పేరు డెలోరిస్. నాకు ఒంటరిగా చేతకావడం లేదు."

అంతలో హెర్మీనా కుర్చీ కిర్రుమంది.

"అంటే చలికాలమంతా నువ్వు మా ఇంటికి కూతవేటు దూరంలో ఉన్నావా?" అని కళ్ళొత్తుకుంటూ కేకలేసింది. "మెయిన్‌లో ఉన్నాడనుకుని ఊరుకున్నాను కదయ్యా! రేపు మధ్యాహ్నం తలుపు తీసి ఉంచు. మంగళవారాలు డెలోరిస్ నాతో ఉంటుంది. ఏం డెలోరిస్, పాడుకుందామా?"

"పాడదాం," అంది డెలోరిస్ సంబరంగా. సంచీలోంచి పెప్పర్‌మెంటు తీసి వెర్లిన్‌కిచ్చింది. అప్పటికే నోట్లో ఒకటి ఉన్నా ఆయన అందుకున్నాడు. వెంటనే అటు బేకరీ వాళ్ళ కోడలు, ఇటు పంపు మెకానిక్, వంతులు వేసుకోవడం మొదలుపెట్టారు.

ఆ హడావిడి సద్దుమణిగాక మికా గొంతు సవరించుకున్నాడు.

"ఆర్డిత్ గారూ, మీరు... ఎవరి గురించైనా చెప్పాలా?"

ఆర్డిత్ లేచి కళ్ళజోడు తోసుకుంది. "ఉన్నాడండీ. టైటస్ అని ఒక కుర్రాడు, అలాస్కాలో చేపల పడవ మీద పని. కొత్త రేవు. అందరూ గౌరవంగా పలకరిస్తారు గానీ, భోజనానికి రమ్మని పిలవాలని ఎవరికీ తట్టదు. పొద్దున తినే కార్న్‌ఫ్లేక్సే రాత్రి కూడా పాలలో వేసుకుని తింటాడు. వాళ్ళమ్మకు మాత్రం ఫోన్లో బ్రహ్మాండంగా ఉందని చెబుతాడు."

పాస్టరు చెవులు ఎర్రబడ్డాయి. బైబిల్లో ఏదో వెతుక్కోసాగాడు.

హెర్మీనా ఆర్డిత్‌ను చూసింది. పాస్టరును చూసింది. ఈసారి ఆవిడకు కారేసుకుని తిరగాల్సిన పని పడలేదు.

"పాస్టరు గారూ," అంది. "ఆ టైటస్‌కు జున్ను పడుతుందా?"

"పడుతుందండీ," అన్నాడు మికా, తలెత్తకుండానే.