లూసియాను పిలిచిన పేరు

ఎవరికైనా పూనకం వచ్చిందంటే నేను ముందడిగేది షుగర్ ఎంతుందని. మెదడు డాక్టర్ని. దయ్యాలనూ దేవతలనూ ఏనాడూ నమ్మలేదు. ఇది మాత్రం నా కళ్లముందే జరిగింది.

రియాద్‌లో మా ఆసుపత్రికి ఒక నైజీరియా ముసలావిడను తెచ్చారు. యోరుబా తెగ ముస్లిం. మక్కాలో ఉమ్రా యాత్ర ముగించుకుని, ఇక్కడ ఉద్యోగం చేసే కొడుకు ఇంట్లో ఉండగా పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. "అమ్మ నన్ను మళ్లీ పేరు పెట్టి పిలుస్తుందా డాక్టర్?" అని కొడుకు రోజూ అడిగేవాడు.

ఆమెకు ఫిజియోథెరపీ చేసేది లూసియా, బ్రెజిల్ అమ్మాయి. ఆమె పూర్వీకులను ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకెళ్లారు. యజమానులు వాళ్ల దేవుళ్లను నిషేధిస్తే, క్రైస్తవ సాధువుల పేర్ల చాటున దాచుకుని కొలిచారట. యోరుబా భాష పోయినా ఆ దేవుళ్ల పాటలు మిగిలాయి. అర్థం తెలియకుండానే అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నానని ఒకసారి నాతో చెప్పింది. ఇక్కడ ఎవరితోనూ అనొద్దంది.

ఒక మధ్యాహ్నం, కడప నుంచి వచ్చిన నర్సు హసీనా నా గదిలోకి పరుగెత్తుకొచ్చింది. "సార్, బిరీన రాండి! అవ్వ పాడతాంది!"

వెళ్లేసరికి లూసియా ఆమె చెయ్యి కదిలిస్తూ సన్నగా పాడుతోంది. లూసియా ఆగిన చోట ముసలావిడ అందుకుంటోంది. ఒక్కో మాటా స్పష్టంగా.

కొడుకు గుమ్మంలో నిలబడిపోయాడు. "ఇది పాత దేవతల పాట. మా ఇంట్లో ఎవరూ పాడరు," అన్నాడు.

ఫిర్యాదు చేస్తాడేమో, ఉద్యోగం పోతుందేమోనని లూసియా పాట ఆపేసింది. అతను లోపలికొచ్చి తలుపు మూశాడు.

"పాడండి," అన్నాడు.

మాట పోయినవాళ్లలో కొందరు పాట పాడగలరు. మెదడులో పాటకు వేరే దారులున్నాయి. ఆ పాట ఆవిడ చిన్నప్పుడెక్కడో విని ఉంటుంది. అంతవరకు నాకు అర్థమవుతుంది.

పాట అయ్యాక ఆవిడ ఎడమచేత్తో లూసియా చెంప నిమిరి, ఒక పేరు పెట్టి పిలిచింది. లూసియా నేలమీద కూలబడి ఏడ్చేసింది.

అది ఆ దేవుళ్ల దీక్ష తీసుకున్నప్పుడు తనకు పెట్టిన పేరట. అమ్మమ్మ తప్ప అలా పిలిచినవాళ్లు లేరు. అమ్మమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆ పేరు లూసియా నాతో కూడా ఎప్పుడూ చెప్పలేదు.

"మీలో మామూలుగా పెట్టుకునే పేరేనా?" అని కొడుకునడిగాను.

"మా అమ్మ నోట ఇంతవరకు వినలేదు," అన్నాడు.

ఆ తర్వాత ఆవిడ మరో మాట పలకలేదు, కొడుకు పేరు కూడా. కొడుకు ఆమెను అలాగే వాళ్ల దేశానికి తీసుకెళ్లాడు. వెళ్లేరోజు అతను లూసియాను ఆ పేరుతోనే పిలిచి సెలవు తీసుకున్నాడు.

ఎవరైనా అడిగితే కాకతాళీయం అంటాను. ఆ పేరు నాకు బాగా గుర్తుంది. కానీ గదిలో ఒక్కడినే ఉన్నప్పుడు కూడా దాన్ని పైకి అనలేదు. ఎందుకో చెప్పలేను.