వాన మట్టిలో బొటనవేలి గుర్తులు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. మా ధూల్‌పేట్ గల్లీలో దయ్యాల ముచ్చట్లు అందరికంటే ఎక్కువ చెప్పింది మాత్రం నేనే. చెప్పేవాడికి నమ్మకం ఎట్లా ఉంటుంది? ఎవరు ఎక్కడ ఉలిక్కిపడుతున్నారో చూసుకుని, అక్కడ ఇంకో జానెడు పొడిగించేవాణ్ణి.

అనంతగిరి గుట్టల ముచ్చట కూడా అట్లాగే పొడిగించాను. చిరుతపులి ఎదురైందన్నాను. తెల్లచీర మనిషి మంచులో నిలబడి చెయ్యి ఊపిందన్నాను. రెండూ అబద్ధం. నిజంగా జరిగింది చాలా చిన్నది. దాన్ని దాచడానికి నాకు వేరే కారణం ఉంది.

పోయిన వానాకాలం మొదట్లో, రోజూ పొద్దున కలిసి నడిచే ఐదుగురం ముసలివాళ్ళం శని, ఆదివారాలు గుట్ట మీద గడుపుదామని వికారాబాద్ దిక్కు పోయాం. చాంద్రాయణగుట్టలో నాకు టెంట్ హౌస్ ఉంది. పెళ్ళిళ్ళకు షామియానాలు కిరాయికిస్తాను. కాబట్టి డేరా నాది, పెత్తనమూ నాదే.

ఐదుగురిలో కిషన్ నా చిన్ననాటి దోస్తు. మట్టి గణపతులు చేస్తాడు. వాన వస్తుందా, పచ్చి బొమ్మను బయట పెట్టొచ్చా లేదా అని బొటనవేలితో మట్టిని నొక్కి చూడటం వాడి పని పద్ధతి. అది ఎంత అలవాటైపోయిందంటే, ఎక్కడ మట్టి గట్టు కనబడినా ఒకసారి నొక్కుతాడు. ఆ వేలి గోరు ఎప్పుడో నడిమికి చీలింది. వాడు నొక్కిన గుంటలో నిలువుగా సన్నటి గీత పడుతుంది.

ఆదివారం పొద్దున ఎండ బాగా కాస్తోంది. కిషన్ నేలను నొక్కి లేచాడు.

"మబ్బు లేకున్నా మట్టి తడి ఇడుస్తలేదు. జర సేపట్ల పెద్ద వాన. దిగుదాం పా, సేటూ."

"నీ వేలు వినాయకుని బొజ్జకే పనికొస్తది, భాయ్. నా డేరా ఉండంగ వానకేం ఫికర్?" అన్నాను.

మిగతా ముగ్గురూ నవ్వారు. కిషన్ నవ్వలేదు. సంచి భుజాన వేసుకుని, మేము ముందు రోజు ఎక్కివచ్చిన గుడి వైపు రోడ్డు పట్టుకుని ఒక్కడే దిగిపోయాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. వెనక్కి పిలుద్దామనుకున్నాను. నవ్వులో పడి ఊరుకున్నాను.

పదకొండు దాటగానే గాలి మారింది. చూస్తుండగానే వాన, మంచు కమ్మి గుట్ట మొత్తం తెల్లబడింది. మేకులతో సహా డేరా ఎగిరిపోయింది. "అడ్డదారి నాకు తెలుసు, రండి" అన్నాను. నాకు తెలియదు.

చెయ్యి చాపితే వేళ్ళు కనబడటం లేదు. దారి రెండుగా చీలినచోట ఆగిపోయాను. పక్కన గట్టుకు, నా నడుమెత్తున, ఒక బొటనవేలి గుంట ఉంది. గుంటలో నిలువు గీత. చుట్టూ బురదనీళ్ళు కారుతున్నాయి, గుంట అంచు మాత్రం అప్పుడే నొక్కినట్టుంది. ఆ వైపు తిరిగాను. తర్వాతి చీలిక దగ్గర ఇంకొకటి. అట్లా ఐదు చూశాను. ఒకరి సంచి ఒకరు పట్టుకుని నా వెనక వస్తున్న ముగ్గురికీ చెప్పలేదు. దారి తెలుసని అనేశాను కదా.

కింద రోడ్డు మీది చాయ్ హోటల్లో కిషన్ కూర్చుని ఉన్నాడు. బట్టలు పొడిగా ఉన్నాయి. చేతులకు మట్టి లేదు. వాన పడకముందు నుంచీ బెంచీ మీదే ఉన్నాడని హోటలాయన చెప్పాడు. అడ్డదారి ఉన్న వాలు మీదికి వాడు ఆ రోజూ పోలేదు, ముందు రోజూ పోలేదు.

గల్లీకి వచ్చాక నేనేం చెప్పాను? వాన అనగానే కిషన్ పారిపోయాడన్నాను. ముగ్గురినీ నేనే కాపాడానన్నాను. పులి, తెల్లచీర దాని మీద పై పూత. చివరికి పిల్లలు కూడా "మబ్బొచ్చింది, ఉరుకు తాతా" అని కిషన్‌ను ఎగతాళి చేశారు. వాడు పొద్దున నడకకు రావడం మానేశాడు.

రెండు నెలలు ఓర్చుకున్నాను. తర్వాత వాడి షెడ్డుకు పోయి, గుర్తుల సంగతితో సహా అంతా ఒప్పుకున్నాను. కిషన్ బొమ్మ మీది నుంచి చెయ్యి తియ్యలేదు.

"గుర్తులేందో నాకు తెల్వదు. చాయ్ ముందట పెట్టుకొని మీ కోసం ఫికర్ పడ్డ, గంతే. గిదంత నాకెందుకు చెప్తున్నవ్? ఉరికిండని గల్లీల చెప్పినవ్ గద. గల్లీలనే చెప్పు."

"నిమజ్జనం కానీ, అందరు ఖాళీగుంటరు. చెప్త" అన్నాను.

చవితికి మూడు రోజుల ముందు కిషన్ నిద్రలోనే పోయాడు.

వాడు పోయిన పదకొండో రోజున, కర్మకు గల్లీ అంతా కూడినచోట నిలబడి చెప్పాను. పులి లేదన్నాను, చీర మనిషి లేదన్నాను, గుర్తుల సంగతి చెప్పాను, కిషన్ పారిపోలేదన్నాను. ఆ వానలో నా వెనక దిగినవాడే ఒకడు తల అడ్డంగా ఊపాడు.

"సచ్చినోని మీద గూడ కతలేనా, సేటూ? గీ ఒక్క దినమన్న ఊకో."

కిషన్ భార్య లేచి లోపలికి పోయింది.

అవి మేకల గిట్టలై ఉంటాయని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. భయంలో కళ్ళు అట్లా చూశాయనీ అనుకున్నాను. ఆ నిలువు గీత దగ్గరికి వచ్చేసరికి రెండూ నిలబడవు. వాటిని ఎవరు పెట్టారో, ఎట్లా నిలిచాయో నాకు ఇప్పటికీ తెలియదు. అది మీరు నమ్మకపోయినా సరే. నేనెవరో మీరు ఎరగరు, అందుకే మీకు రాస్తున్నాను. కిషన్ పారిపోలేదు. వాన వస్తుందని చెప్పాడు, దిగుదామన్నాడు. నవ్వి ఒంటరిగా పంపించింది నేను.